అంబాసిడర్ 1489 పెట్రోల్ ఇంజన్‌కు ఆయిల్ కారుతోంది: ఇంజన్ దింపవలసిందేనా?

ప్రశ్న (మిర్యాలగూడ)

మా నాన్నగారు 1984లో కొన్న అంబాసిడర్ మార్క్ 4 ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, కొన్ననాటిదే. నాన్నగారు ధాన్యం కమీషన్ వ్యాపారం చేసేవారు. సీజన్ వస్తే పొద్దస్తమానం రైస్ మిల్లుల చుట్టూ ఈ బండి మీదే తిరిగేవారు కనుక మీటరు రెండుసార్లు సున్నాకు తిరిగి వచ్చింది. ఆయన పోయాక మూడేళ్లు రేకుల షెడ్డులో కదలకుండా ఉండిపోయింది. నిరుడు పెట్రోల్ ట్యాంకు కడిగించి, కొత్త బ్యాటరీ వేయించి మళ్లీ నడపడం మొదలుపెట్టాను.

సమస్య ఆయిల్ కారడం. రాత్రి బండి కింద అట్ట పరిచి పొద్దున చూస్తే మూడు చోట్ల మరకలు కనిపిస్తున్నాయి. క్లచ్ హౌసింగ్ కింద పడేది పళ్లెమంత ఉంటుంది, ముందు పుల్లీ కింద రూపాయి బిళ్లంత, ఆయిల్ ఫిల్టర్ వైపు సన్నని చార. అయిదు వందల కిలోమీటర్లకు దాదాపు లీటరు పోయవలసి వస్తోంది. పొగ మాత్రం పెద్దగా లేదు.

ఒక మెకానిక్ చూసి వెనక సీలు పోయిందని, ఇంజన్ దింపక తప్పదని, దింపినప్పుడే బోరు కూడా (అరిగిన సిలిండర్లను కోరించడం) చేయించమని చెప్పారు. మరొకరు ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ చుట్టూ సిలికాన్ గమ్ము దట్టంగా పూశారు. పది రోజులు ఆగి మళ్లీ మొదలయింది. ఖర్చుకు నేను వెనకాడను. కాని నాన్నగారి కాలంలో ఒక్కసారి కూడా విప్పని ఇంజన్‌ను అవసరం లేకుండా విప్పించడానికి మనసు ఒప్పుకోవడం లేదు. ఈ ఇంజన్ మీద పని చేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి దారి చెప్పగలరు.

జవాబు (జడ్చర్ల)

అంబాసిడర్లు, జీపులు, ట్రాక్టర్లు విప్పి బిగిస్తూ ముప్పై ఏళ్లకు పైగా షెడ్డులో గడిపినవాణ్ణి. మీరు ఇంజన్ దింపించకుండా ముందు అడగడం మంచిదయింది.

మొదట ఇంజన్‌ను కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో బ్రష్షు పెట్టి పూర్తిగా కడిగించి, గాలి కొట్టించి ఆరబెట్టండి. తర్వాత అనుమానం ఉన్న ప్రతిచోటా ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లి, ఇరవై కిలోమీటర్లు నడిపి వచ్చి, బండి ఆపిన వెంటనే టార్చి పట్టుకుని చూడండి. ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కు పాకుతుంది. అందువల్ల నేల మీద చుక్క పడిన చోటుకూ అది పుట్టిన చోటుకూ చాలాసార్లు సంబంధం ఉండదు. పౌడరు తడిసిన చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందున్నది ఏదో అదే అసలు జాగా.

ఈ ఇంజన్‌లో నేను ఎక్కువగా చూసిన దొంగ వెనక సైడ్ కవర్. మానిఫోల్డు (ఇంజన్‌కు గాలి, పొగ గొట్టాలు కలిసే భాగం) ఉన్న ఎడమ పక్కన, బ్లాకుకు రెండు రేకు మూతలు ఉంటాయి. ఒక్కొక్కటి నడుమ ఒకే బోల్టు మీద నిలబడుతుంది, లోపల బెండు ప్యాకింగ్ ఉంటుంది. ఏళ్ల తరబడి మానిఫోల్డు వేడికి ఆ బెండు ఎండి, గోరు తగిలితే పెళ్లలుగా రాలుతుంది. కారిన ఆయిల్ బ్లాకు వెంట వెనక్కు పోయి క్లచ్ హౌసింగ్ కింద చుక్కలుగా పడుతుంది, చూసినవారు వెనక సీలు పోయిందని అనుకుంటారు. ప్యాకింగ్ మార్చాలంటే మానిఫోల్డు విప్పవలసి ఉంటుంది, ఇంజన్ దింపనవసరం లేదు. కారుతోంది కదా అని ఆ బోల్టును బలంగా బిగించడమే అందరూ చేసే తప్పు. రేకు నడుమ లోపలికి వంగి, అంచులు పైకి లేచి, ముందుకంటే ఎక్కువ కారుతుంది. విప్పిన కవర్‌ను గాజు పలక మీద బోర్లించి చూడండి. అంచు కింద వెలుతురు కనిపిస్తే చెక్క దిమ్మె మీద పెట్టి మెల్లగా తట్టి సరిచేయించండి. పై టాపెట్ కవర్‌కూ ఇదే వర్తిస్తుంది.

ఫిల్టర్ దగ్గరి చారకు కారణం చాలా చిన్నది కావచ్చు. గిన్నె కూర్చునే గాడిలో రబ్బరు రింగు ఉంటుంది. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత రింగు గాడిలోనే గట్టిపడి నల్లగా అతుక్కుపోయి ఉండగా, అది గాడి అడుగేనని భ్రమపడి దాని మీదే కొత్తది పెట్టేస్తారు. సన్నని సూదితో గీరి చూడండి. నేను ఒక బండిలో రెండు పాత రింగులు తీశాను.

ముందు పుల్లీ కింద కారడం టైమింగ్ కవర్ సీలుది. సీలు మార్చినప్పుడు పుల్లీని దాని స్థానంలోకి తోసి, సీలు సరిగ్గా నడిమధ్యకు వచ్చిన తర్వాతే కవర్ బోల్టులు బిగించాలి.

జవాబు (నల్లగొండ)

జడ్చర్ల అన్నగారు చెప్పిన క్రమమే సరైనది. వెనక సీలు సంగతి మాత్రం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే మొదటి మెకానిక్ మార్చాలన్న ఆ వస్తువు ఈ ఇంజన్‌లో అసలు లేదు.

ఇది బ్రిటన్‌లో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) సంస్థ తయారుచేసిన బీ సిరీస్ ఇంజన్ కుటుంబానికి చెందినది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఇదే కుటుంబపు 1489 సీసీ ఇంజన్ ఉండేది. మూడు మెయిన్ బేరింగ్‌ల ఈ ఇంజన్‌లో క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక కొసన రబ్బరు సీలుకు బదులు మర చుట్లలాంటి గాడి ఉంటుంది. క్రాంకు తిరుగుతున్నప్పుడు ఆ గాడి, బయటకు రాబోయిన ఆయిల్‌ను మరలాగా లోపలికి తోసేస్తుంది. తిరగడం ఆగితే ఆ పనీ ఆగుతుంది. కనుక బండి ఆపిన తర్వాత నాలుగు చుక్కలు పడటం, ముక్కు పైకి ఉండే వాలులో నిలిపితే ఇంకొంచెం ఎక్కువ పడటం ఈ నిర్మాణంలోనే ఉన్న గుణం. ఎంజీ కార్లలో అయిదు బేరింగ్‌ల క్రాంకు వచ్చాకే వెనక రబ్బరు సీలు వచ్చింది. పాత మూడు బేరింగ్‌ల ఇంజన్లకు రబ్బరు సీలు అమర్చుకునే కిట్లు విదేశాల్లో దొరుకుతాయి కాని, వాటికి ఇంజన్ దింపడం తప్పదు.

ఆ గాడి గెలవలేని శత్రువు లోపలి గాలి ఒత్తిడి. పిస్టన్ రింగులు అరిగినా, లోపలి గాలి బయటకు పోయే బ్రీదర్ గొట్టం మూసుకుపోయినా, మండిన వాయువు పిస్టన్ పక్క నుంచి చాంబర్‌లోకి దిగి, బయటకు పోయే దారి లేక ప్రతి ప్యాకింగ్ నుంచీ ఆయిల్‌ను తోస్తుంది. మీ బండికి మూడు చోట్ల ఒకేసారి కారుతోందంటే నా అనుమానం మొదట అటే పోతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. సన్నని ఆవిరి రావడం మామూలే, గుప్పుగుప్పున తోసుకొస్తే ఒత్తిడి ఉన్నట్టు. ముందు వైపు సైడ్ కవర్ నుంచి కిందికి దిగే ఆ బ్రీదర్ గొట్టాన్ని విప్పి కడిగించండి. ఆ తర్వాత కంప్రెషన్ గేజితో (సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే మీటరు) నాలుగు సిలిండర్లూ చూడండి. ఒకటి తక్కువ చూపితే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులు పోయినట్టు, పెరగకపోతే వాల్వులు. ఇంజన్ విప్పాలా వద్దా అన్నది నేల మీది మరకను బట్టి కాక ఈ అంకెలను బట్టి తేల్చుకోండి.

క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం, అందులో వదులుగా వేలాడే పిన్ను ఉంటే, కారుతోందని దాన్ని గమ్ముతో మూయించకండి. ఆయిల్ కిందికి పోవడానికే అది ఉంది. మూస్తే ఆయిల్ క్లచ్ ప్లేటు మీదికి ఎక్కి, ఎత్తులో క్లచ్ జారుతుంది.

జవాబు (మహబూబ్‌నగర్)

కారుతోంది కదా, చిక్కటి ఆయిల్ పోయమని ఎవరైనా చెబితే వినకండి. 20డబ్ల్యూ-50 చిక్కదనం ఉన్న ఆయిల్ ఈ ఇంజన్‌కు మన ఎండల్లోనూ చాలు. అంతకన్నా చిక్కనిది పోస్తే చలికాలం పొద్దున స్టార్టు చేసినప్పుడు పైన రాకర్ల దాకా చేరడానికి ఆలస్యమవుతుంది. కారడం ఆపుతాయని అమ్మే సీసా మందులు పాత రబ్బరును ఉబ్బించి పనిచేస్తాయి. వెనక రబ్బరే లేనప్పుడు అక్కడ అవి చేసేదేమీ లేదు. మంచి బెండు ప్యాకింగ్ సెట్టు కోసం హైదరాబాద్ పుత్లీబౌలిలో వెతకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కడిగించి, పౌడరు చల్లి, హాలియా దాకా వెళ్లి వచ్చాను. వెనక సైడ్ కవర్ కింది అంచంతా తడిసి ఉంది, పై టాపెట్ కవర్ వెనక మూల కూడా. హౌసింగ్‌కు, బ్లాకుకు నడుమ అతుకు దగ్గర పౌడరు దాదాపు పొడిగానే ఉంది.

బ్రీదర్ గొట్టం విప్పితే కింది కొసన బొటనవేలంత మట్టి గూడు కనిపించింది. షెడ్డులో ఉన్న మూడేళ్లలో కందిరీగ కట్టుకున్నది, రాయిలా గట్టిపడి ఉంది. దాని పైన నల్లటి జిడ్డు. టాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం కూడా మెత్తబడి నొక్కుకుపోయింది. రెండూ సరిచేయించాక కంప్రెషన్ చూస్తే నాలుగు సిలిండర్లకూ వరుసగా 125, 120, 125, 118 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వచ్చాయి. ఫిల్టర్ గాడిలో పాత రింగు ఒకటి దొరికింది. ఇక మానిఫోల్డు విప్పి సైడ్ కవర్ల ప్యాకింగ్‌లు మార్పిస్తాను.

జవాబు (జడ్చర్ల)

ఆ అంకెలకు ఇంజన్ దింపనక్కరలేదు. అయితే చాంబర్ ఒకసారి విప్పించండి. దట్టంగా పూసిన సిలికాన్ బయటకు ఎంత ఉబికిందో లోపలికీ అంతే ఉబుకుతుంది. ఆ ముక్కలు తెగి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడితే బేరింగ్‌లకు ఆయిల్ అందదు. తిరిగి బిగించేటప్పుడు రెండు కొసల బెండు పట్టీలను అంచుకు సమంగా కోయకుండా కొద్దిగా పొడుగు ఉంచితే, నొక్కుకున్నప్పుడు మూలల్లో సందు మిగలదు.

ప్రశ్న అడిగినవారు

నిన్న చాంబర్ దింపించాము. జల్లెడ మీద నేరేడు గింజంత సిలికాన్ ముక్కలు రెండు అతుక్కుని ఉన్నాయి. తీసి శుభ్రం చేయించి, బెండు పట్టీలు మీరు చెప్పినట్టే కొంచెం పొడుగు ఉంచి బిగించాము. ఈ ఉదయం అట్ట మీద క్లచ్ హౌసింగ్ కింద మూడు చుక్కలు, ముందు పుల్లీ కింద ఒకటి ఉన్నాయి. టైమింగ్ కవర్ సీలు వచ్చే నెలలో మార్పిస్తాను.