ప్రివెయిలింగ్ వేజ్ రూలు ఉండగా హెచ్‌-1బీ ఉద్యోగి చవకెలా అవుతాడు?

లెక్కలపద్దు:
అమెరికాలో హెచ్‌-1బీ వీసా మీద మనిషిని పెట్టుకుంటే ఆ ప్రాంతపు ప్రివెయిలింగ్ వేజ్ (ఆ పనికి అక్కడ నడిచే జీతం), అదే పనికి కంపెనీలో మిగతావాళ్లకిచ్చే జీతం – ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అదివ్వాలి కదా. ఎల్‌సీఏలో (వీసాకు ముందు లేబర్ డిపార్ట్‌మెంటుకు కంపెనీ ఇచ్చే హామీపత్రం) సంతకం పెట్టేదే దానికి. మరి అక్కడి ఐటీ వాళ్లను తీసేసి తక్కువకు తెస్తున్నారన్న గొడవేంటి? రూలు తప్పుతున్నారా, రూల్లోనే సందుందా?

నిమ్మళం:
ఎక్కువగా రూల్లోనేనండి. ప్రివెయిలింగ్ వేజ్‌లో నాలుగు లెవెళ్లున్నాయి. లెవెల్ 1 సుమారు 17వ పర్సెంటైల్ (అంటే నూటికి 17 మంది జీతం అంతకన్నా తక్కువ), లెవెల్ 2 సుమారు 34, లెవెల్ 3 సుమారు 50, లెవెల్ 4 సుమారు 67. అంటే మొదటి రెండూ మీడియన్‌కు (సరిగ్గా మధ్యలో ఉండే జీతానికి) కిందే. పైగా లెవెల్ తేల్చేది ఉద్యోగానికి కావాలని కంపెనీ రాసిన అర్హతలను బట్టి, మనిషి అనుభవాన్ని బట్టి కాదు. సీనియర్ చేసిన పనికే 'రెండేళ్లు చాలు' అని రాస్తే జీతం కిందకి దిగిపోతుంది. లేబర్ డిపార్ట్‌మెంటు ఎల్‌సీఏను 7 పనిదినాల్లో తేల్చేయాలి. ఖాళీలు, కొట్టొచ్చినట్టు కనబడే తప్పులు తప్ప ఇంకేం చూడదు.

తూర్పుగాలి:
అసలు మెలిక క్లయింట్ సైట్‌లో, అంటే ఔట్‌సోర్సింగ్ కంపెనీ తన మనుషులను పంపే చోట ఉంది. ఉద్యోగులను తీసేసేది క్లయింటు, వీసా పిటిషన్ వేసేది ఔట్‌సోర్సింగ్ కంపెనీ. 2015లో డిస్నీ విషయంలో రేగిన గొడవ అదే. 51 మంది, ఆపైన ఫుల్‌టైమ్ వాళ్లున్న కంపెనీలో హెచ్‌-1బీలు 15 శాతానికి చేరితే అది 'డిపెండెంట్' అవుతుంది. అలాంటి కంపెనీ పిటిషన్‌కు ముందు 90 రోజులు, తర్వాత 90 రోజులు అమెరికన్ ఉద్యోగిని తీసేయకూడదు, క్లయింటు దగ్గరా విచారించాలి. కానీ ఏడాదికి 60,000 డాలర్లిచ్చినా, ఆ రంగంలో మాస్టర్స్ ఉన్నా ఈ షరతుల నుంచి మినహాయింపే. 1998 నాటిది ఆ 60,000 అంకె, ఇంకా మార్చలేదు! సాఫ్ట్‌వేర్‌లో దాన్ని దాటని జీతాలెన్ని?

నిమ్మళం:
ఎల్‌-1 (సొంత కంపెనీ విదేశీ శాఖ నుంచి ఉద్యోగిని తెచ్చే వీసా) మరిచారు. దానికి ప్రివెయిలింగ్ వేజూ లేదు, ఏటా కోటా కూడా లేదు.
సొంతంగా చూసుకోవాలంటే లేబర్ డిపార్ట్‌మెంటు మూడు నెలలకోసారి పెట్టే ఎల్‌సీఏ ఎక్సెల్ ఫైల్ దించుకోండి. పనిచేసే ఊరు, వృత్తి కోడ్ 15-1252 (సాఫ్ట్‌వేర్ డెవలపర్లు), వేజ్ లెవెల్, 'సెకండరీ ఎంటిటీ' (మనిషిని పంపే క్లయింటు) కాలమ్ ఫిల్టర్ చేయండి. ఒక ఎల్‌సీఏలో చాలా పోస్టులుండొచ్చు, ఎల్‌సీఏ ఉంటే వీసా వచ్చినట్టూ కాదు. వరుసలు లెక్కపెట్టి మనుషులనుకోవద్దు. ఉల్లంఘన కనబడితే లేబర్ డిపార్ట్‌మెంటుకు ఫిర్యాదు చేసే డబ్ల్యూహెచ్‌-4 ఫారం, 12 నెలల్లోపు.

లెక్కలపద్దు:
2025 సెప్టెంబరులో హెచ్‌-1బీకి పెట్టిన లక్ష డాలర్ల ఫీజుతో సందు మూసుకోలేదా?

తూర్పుగాలి:
అది ప్రధానంగా దేశం బయటున్నవాళ్ల కొత్త పిటిషన్లకేనండి. లోపలే ఎఫ్‌-1 (విద్యార్థి వీసా) నుంచి మారేవాళ్లకూ, ఎక్స్‌టెన్షన్లకూ వర్తించదు. ఎల్‌-1ను తాకదు. పనినే బయటి దేశానికి పంపేస్తే అసలు వీసా ఊసే రాదు.