మా ఉమ్మడి క్యాబిన్ చరిత్ర రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

తాళంచెవి:
అందరికీ నమస్కారం. అడవి అంచున మాకో పాత చెక్క క్యాబిన్ ఉంది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు, అందరిదీ. స్కౌట్లు, గైడ్లు, కొండలెక్కే కుర్రాళ్లు, సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే టీచర్లు తరాలుగా వాడుకుంటున్నారు. ఈ ఏడు కమిటీలోకి వచ్చాను కాబట్టి తాళంచెవి నా దగ్గరే ఉంటోంది. కప్పు బాగుచేయించడానికి విరాళాలు అడగబోతే ప్రతివాళ్లూ ముందు అడిగేది ఒకటే, దీన్ని ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అని. నాకు నోట మాట రావడం లేదు. పెద్దవాళ్లలో ఇద్దరు రెండు రకాలుగా చెబుతున్నారు, ఇద్దరూ గట్టిగానే చెబుతున్నారు. నా దగ్గర ఉన్నదల్లా మొదటి పేజీలు ఊడిపోయి చెమ్మ పట్టిన విజిటర్స్ పుస్తకం ఒకటి, గుమ్మం ముందు పిల్లలు వరసగా నిలబడ్డ తేదీ లేని ఫోటో ఒకటి. తప్పు రాసి అదే నిజమైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

రంపపుపొట్టు:
పాత చెక్క కట్టడాలు రిపేరు చేయడమే నా పని, కాబట్టి నాకు తెలిసిన దారి చెబుతాను. కాగితాల కన్నా ముందు చెక్కను చూడండి. చీకటి పడ్డాక టార్చిలైటు దూలానికి ఆనించి పక్కనుంచి వేస్తే పగలు కనబడని గీతలన్నీ పైకి తేలతాయి. కోత గుర్తులు వంపు తిరిగి, విల్లులా ఉంటే గుండ్రటి రంపంతో మిల్లులో కోసిన చెక్క. నిలువుగా తిన్నగా ఉంటే పైకీ కిందికీ ఆడే రంపం. అక్కడక్కడా పెచ్చులు లేచిన నొక్కులుంటే గొడ్డలితో చెక్కారన్నమాట. మేకులు కూడా చూడండి, ఇప్పుడు మనం వాడే గుండ్రటి తీగ మేకులు బాగా వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దం చివర్లో. అంతకుముందువి పలకలుగా ఉండేవి.

అయితే ఒక్క మేకు చూసి సంవత్సరం తేల్చేయొద్దు. ఇలాంటి ఉమ్మడి కట్టడాలకు చెక్క కొనేవాళ్లు తక్కువ, ఎక్కడో పడగొట్టిన షెడ్డుదో గోదాముదో తెచ్చి వాడేవాళ్లే ఎక్కువ. నేనూ ఒకసారి అలాగే బోల్తాపడ్డాను, దూలాలు చూసి చాలా పాత కట్టడమని చెప్పేశాను, తీరా చూస్తే దేనికీ పనికిరాని చోట దూలానికి తొలిచిన గాడి ఒకటి బయటపడింది, అంటే అది వేరే ఇంటి దూలం. చెట్టు వలయాలు లెక్కపెట్టించాలన్నా బెరడు దాకా మిగిలిన ముక్క దొరకాలి, పోల్చి చూడటానికి ఆ ప్రాంతపు చెట్ల వలయాల రికార్డు ఉండాలి. అప్పుడు కూడా తెలిసేది చెట్టు కొట్టిన ఏడాదే, ఇల్లు కట్టిన ఏడాది కాదు.

పాత_దళం:
నేను ఏళ్ల తరబడి స్కౌట్ ట్రూప్ నడిపాను. "ఎవరు కట్టారు" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోకండి, "అంతకుముందు అది ఏమిటి" అని కూడా అడగండి. స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పవెల్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన మొదటి క్యాంపు గుడారాల్లోనే జరిగింది. గోడలూ కప్పూ తర్వాత వచ్చాయి, వచ్చినప్పుడు కూడా చాలాచోట్ల ఎవరో వాడి వదిలేసినవే. స్విట్జర్లాండ్‌లోని కాండర్‌స్టెగ్‌లో స్కౌట్ల అంతర్జాతీయ కేంద్రం 1923లో మొదలైంది, అక్కడి పాత కట్టడం లోట్ష్‌బెర్గ్ రైలు సొరంగం పనివాళ్ల కోసం కట్టింది. జర్మనీలో రిషార్డ్ షిర్మాన్ అనే టీచరు 1909లో పిల్లలతో నడిచి వెళ్తూ గాలివానలో చిక్కుకుని ఒక బడిలో తలదాచుకున్నాడు. సెలవుల్లో బడులన్నీ ఖాళీగానే ఉంటాయి కదా, నడిచొచ్చే పిల్లలకు పడుకోవడానికి ఇవ్వొచ్చు కదా అని ఆ రాత్రి తట్టిందట, యూత్ హాస్టళ్లు అక్కడినుంచే పుట్టాయి. మీదీ ఒకప్పుడు అడవి పనివాళ్ల కొట్టమేమో, ఎవరైనా రాసిచ్చిన విడిదేమో, చూడండి.

ఇంకో మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. స్థలం కాగితం ఎవరి పేరున ఉందో ఈ వారమే చూడండి. మా ట్రూప్ వాడుకున్న గుడిసె కూడా ఉమ్మడిదే. దస్తావేజులో నలుగురు ట్రస్టీల పేర్లుండేవి. ఒక్కొక్కరే పోయారు, వాళ్ల చోట కొత్తవాళ్లను రాయించాలని ఎవరికీ తోచలేదు. అందరిదీ అనుకుంటూనే ఎవరూ పట్టించుకోలేదన్నమాట. చివరికి మాదేనని చూపించుకోవడానికి సంతకం పెట్టగలిగేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు, గుడిసె పోయింది. పిల్లలు సామాన్లు మోసుకొచ్చి రోడ్డు మీద పెట్టిన రోజు నాకింకా కళ్లముందే ఉంది. ట్రస్టీల వరస మీ చరిత్రలో ఒక అధ్యాయం కావాలి.

కాగితంపువ్వు:
విజిటర్స్ పుస్తకం గురించి చెబుతాను. దయచేసి సెల్లోటేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. గాలి ఆడే నీడలో ఆరబెట్టి, ప్రతి పేజీనీ ఫోటో తీసుకుని, తర్వాత ఆ ఫోటోలతోనే పని చేయండి. అందులో పిల్లల పేర్లు, చిరునామాలు ఉంటాయి కాబట్టి పేజీలు ఉన్నవి ఉన్నట్టు నెట్‌లో పెట్టకండి.

పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు "ఏ సంవత్సరం" అని అడక్కండి. సంవత్సరం ఎవరికీ గుర్తుండదు, అడిగితే మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు, మీకు రెండు రకాలుగా చెప్పిన ఆ ఇద్దరు పెద్దవాళ్ల విషయంలో జరిగింది అదేనని నా అనుమానం. ఆ ఫోటో చేతికిచ్చి కూర్చోండి. మంచినీళ్లు ఎక్కడినుంచి తెచ్చేవాళ్లు, రాత్రి దీపం ఏది, మీ పక్కన ఎవరు పడుకునేవాళ్లు, తాళంచెవి ఎవరింట్లో ఉండేది? ఇలా అడిగితే కరెంటు రాకముందా వచ్చాకా, పొయ్యి మారకముందా మారాకా అని వాటంతట అవే తేలతాయి. ఇద్దరి మాటా కలవకపోతే ఇద్దరిదీ రాయండి, ఎవరు చెప్పారో పక్కన రాయండి.

తాళంచెవి:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి టార్చి తీసుకుని వెళ్లాను. తలుపు వైపు దూలాల మీద వంపు గీతలు, వెనక గది దూలాల మీద గొడ్డలి నొక్కులు! ఫోటో మళ్లీ చూస్తే అందులో వెనక గది కప్పు ఒక్కటే కనబడుతోంది, పిల్లలు నిలబడింది ఆ గది గుమ్మం ముందే, ముందు గది ఇంకా లేదు. ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని తాళంచెవి ఎవరింట్లో ఉండేదని అడిగితే, వంటింటి మేకుకి వేలాడేదని, గైడ్లు వచ్చిన రోజు వాళ్లమ్మ తనతోనే పంపించేదని చెప్పింది. ముందు గది కట్టేటప్పుడు పలకలు అందించింది తనేనట. అంటే ఆ ఇద్దరు పెద్దవాళ్లూ నిజమే చెబుతున్నారేమో, ఒకరు వెనక గది గురించి, ఒకరు ముందు గది గురించి. దస్తావేజు కోసం సోమవారం వెళ్తున్నాను. దొరికింది ఇక్కడే రాస్తాను.