పై ఫ్లోర్ సన్‌షేడ్ కింద పెద్ద తేనెపట్టు, తగలబెట్టిస్తామంటున్నారు. ఏం చేయాలి?

పటమట_ఫ్లాట్:
విజయవాడ పటమటలో నాలుగో ఫ్లోర్ మాది. బెడ్‌రూమ్ కిటికీకి సరిగ్గా పైన, ఐదో ఫ్లోర్ సన్‌షేడ్ అడుగున పట్టు పెట్టాయి. ఊరెళ్ళి వచ్చేసరికి చేటంత అయింది. ఈగలు ఒకదాని మీద ఒకటి నల్లగా కప్పేసి ఉన్నాయి, దగ్గర్లో కాకి ఎగిరినా చాలు అన్నీ వరసగా తోకలు పైకి లేపి దింపుతున్నాయి. రాత్రి లైటేస్తే లోపలికి వచ్చేస్తున్నాయి. ఇంట్లో నడక నేర్చుకుంటున్న బాబు, మోకాళ్ళ నొప్పులతో అత్తయ్యగారు. అసోసియేషన్ వాళ్ళేమో వాచ్‌మన్ చేత కర్రకి గుడ్డ చుట్టించి కాగడాతో కాల్పించేద్దాం అంటున్నారు. చంపించడం నాకిష్టం లేదు, అలాగని పిల్లాడితో టెన్షన్‌గానూ ఉంది.

లాం_తేనె:
అక్కా, మంట మాత్రం పెట్టనివ్వొద్దు. అవి పెద్ద తేనెటీగలు, ఇలా బయటే ఒకే ఒక్క పట్టు వేలాడదీస్తాయి. మేం గుంటూరు దగ్గర పెట్టెల్లో పెంచేవి వేరే రకం, ఇవి పెట్టెలో ఉండవు, కాబట్టి పట్టుకెళ్ళి పెంచుకుంటాం అని ఎవరైనా చెబితే నమ్మకండి. మంట పెడితే కొన్ని చస్తాయి, మిగిలినవి చెదిరి ఎవరు కనపడితే వాళ్ళ మీద పడతాయి, అంత ఎత్తున కర్ర పట్టుకుని నిలబడ్డ ఆ వాచ్‌మన్ ఎటు పరిగెత్తుతాడు? ఒక ఈగ కుట్టిన చోట వదిలే వాసనకి మిగతావి కూడా అక్కడికే వచ్చి కుడతాయి. దోమల స్ప్రే, రాళ్ళు, నీళ్ళ పైపు కూడా వద్దు.

చీకటి పడ్డాక ఆ వైపు లైట్లు ఆపి కర్టెన్ వేయండి, కిటికీకి మెష్ కొట్టించండి, కింద సాంబ్రాణి పొగ వేయొద్దు. తేనె తీసేవాళ్ళని పిలిస్తే రాత్రిపూటే, ఒళ్ళంతా కప్పే డ్రెస్సు, తాడు ఉన్నవాళ్ళనే పిలవండి. సన్నటి పొగతో ఈగల్ని జరిపి పట్టు కోస్తారు. ఆ పూట అన్ని ఫ్లాట్ల వాళ్ళకీ ముందే చెప్పి కిటికీలు వేయించాలి. తర్వాత మైనం మరక మిగలకుండా గీకించి సున్నం వేయించండి, ఇవి పాత చోటుకే మళ్ళీ వస్తాయి.

బ్రాడీపేట_రావు:
పూలు తగ్గితే వాటంతటవే పోతాయిగా, ఎందుకు కదపడం? మా వీధి చెట్టు మీద ఏటా పెడతాయి, ఎవరినీ ఏమీ అనలేదు.

లాం_తేనె:
చెట్టు మీదైతే నేనూ వదిలేయమంటానండీ. మైనం లేకుండా ఉత్త ఈగలే గుత్తిగా వాలినా వదిలేయొచ్చు, దారిలో ఆగిన గుంపు అది, సాధారణంగా కొన్ని రోజుల్లో లేచిపోతుంది. ఇక్కడ కిటికీ పక్కనే, పసివాడున్న ఇంట్లో పట్టు. గద్ద తన్నినా, కింద పెళ్ళివాళ్ళు టపాకాయలు కాల్చినా మీదపడతాయి.

నర్స్_భవానీపురం:
కుట్టినప్పుడు ఏం చేయాలో కూడా ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి. చేతులు ఊపుతూ నిలబడకుండా ముఖం కప్పుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకోవాలి. ముల్లు చర్మంలోనే ఉండి ఇంకా విషం ఎక్కిస్తుంటుంది, కాబట్టి గోటితోనో ఏటీఎం కార్డు అంచుతోనో వెంటనే గీకేయండి, ఎలా తీశారన్న దానికంటే ఎంత త్వరగా తీశారన్నదే ముఖ్యం. సబ్బుతో కడిగి ఐస్ గుడ్డలో చుట్టి పెట్టండి, సున్నం పూయకండి. ఊపిరి ఆడకపోయినా, నాలుకో పెదవులో వాచినా, కళ్ళు తిరిగినా, ఒంటి నిండా దద్దుర్లు లేచినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఒక్క ఈగ కుట్టినా కొందరికి ఇలా అవుతుంది. ఎక్కువ ఈగలు కుడితే, మనిషి బాగానే ఉన్నా ఆసుపత్రిలో చూపించాలి, తర్వాత కిడ్నీల మీద పడొచ్చు. పసిపిల్లలూ పెద్దవాళ్ళూ అయితే మరీ జాగ్రత్త.

పటమట_ఫ్లాట్:
ఇదంతా అసోసియేషన్ గ్రూపులో పెట్టాను, కాగడా ఆలోచన మానుకున్నారు. పై ఫ్లాట్ వాళ్ళు హైదరాబాద్‌లో ఉంటారు, వాళ్ళ బాల్కనీ తాళం కోసం ఫోన్ చేశాను. అప్పటిదాకా బాబునీ అత్తయ్యగారినీ అవతలి గదిలో పడుకోబెడుతున్నాం. రాత్రిపూట వచ్చి పద్ధతిగా తీసేవాళ్ళు పటమట, బెంజ్ సర్కిల్ వైపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.