చేపల లెక్క యాప్‌ల ఎక్కియ్యాల్నా, వద్దా?

పాకాల ఒడ్డు
అందరికి నమస్తే. మాది నర్సంపేట దిక్కు ఊరు, మత్స్యకార సంఘంల సభ్యుణ్ని. మొన్న మీటింగుకు ఒక సంస్థోళ్ళు వచ్చిండ్రు. ఏ రోజు వలేసినం, ఏ రకం చేప ఎన్ని కిలోలు ఎల్లింది, ఎంతకు అమ్మినం, అన్నీ ఫోన్‌ల యాప్‌ల ఎక్కియ్యాలంట. చెరువుల చేప పిల్లలు పోసేటప్పుడు వీడియో తియ్యాలంట. బదులుగా చెరువు నీళ్ళల్ల ఆక్సిజన్ చూపెట్టే సెన్సర్ ఒకటి ఫ్రీగా పెడ్తరంట. ఇగ మావోళ్ళు రెండు పార్టీలైండ్రు. పోరగాండ్లు ఎక్కిద్దామంటున్నరు. పెద్దమనుషులు "మన కడుపు మనమే ఊరికి చూపెట్టుకునుడెందుకు" అంటున్నరు.

నేనైతే ఎక్కియ్యాలనే అంటున్న. 2016ల సర్కారు ఉచిత చేప పిల్లలు మొదలైన సంది లారీ వస్తది, పోస్తరు, సంతకం పెడ్తం. ఎన్ని పోసిండ్రో కాయితం మీద ఉంటది. ఎండాకాలం వలేస్తే ఎన్ని ఎల్లినయో ఏ కాయితం మీద ఉండది. 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. పాయింటు కాడికి ఎట్ల తెల్సింది? అక్కడ వానను కొలిచే మిషన్ ఉంది కాబట్టి. అదే వానలకు మా దిక్కు మత్తళ్ళు దుంకి ఎంత చేప కొట్టుకపోయిందంటే ఒక్కొక్కరిది ఒక్కో మాట. నష్టం రాయించుకుందామంటే అంతకుముందటేడు ఎంత ఎల్లిందో చూపెట్టెతందుకు చీటీ ముక్క లేదు.

మీరేమంటరు?

విసురు వల
తమ్మీ, నువ్వు చెప్పేది ఇననీకి మంచిగనే ఉంది. నేను సంఘంల శాన ఏండ్ల సంది ఉన్న, ఒక్క మాట అడుగుత. లెక్క తక్కువ చూపెడితే ఏమంటరు? "మీకు సర్కారు పిల్లలిచ్చుడు దండుగ" అంటరు. ఎక్కువ చూపెడితే? "బాగనే సంపాదిస్తున్నరు గద, ఇగ ఫ్రీగా ఎందుకు, లీజు పెంచుదాం" అంటరు. ఎటు చూపెట్టినా దెబ్బ మాకే. సభ్యత్వాల పంచాయితీలు ఇప్పటికే కోర్టుల దాక పోయినయి. ఫలానా చెరువుల ఇన్ని టన్నులు ఎల్లినయని ఫోన్‌ల కనబడ్డదనుకో, పక్కూరోడు, దూరపోడు, అందరు సభ్యులే అయితరు. రాత్రిపూట వలలేసే దొంగలకు వేరే సమాచారం అక్కెరలేదు.

సెన్సర్ సంగతా? చెరువు కట్ట మీద మోటరే ఉండనిస్తలేరు, సెన్సర్ ఉంటదా?

జాలి గిన్నె
పట్టిన చేపల సంగతి తర్వాత, పోసే దగ్గర లెక్క ఎట్లా తప్పుతుందో ముందు చెప్పనివ్వండి. చేపపిల్లల ఫారంలో పనిచేసినవాణ్ని.

ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్ళుండే వాటికి, రిజర్వాయర్లకు 80-100 మిల్లీమీటర్లవి ఇస్తారు. బొచ్చె, రవ్వ, మ్రిగాల, బంగారుతీగ. వీటిని ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టరు, పెడితే తెల్లారే లోపు సగం చస్తాయి. జాలి గిన్నెతో ముంచి, ముందు ఒకటి రెండు గిన్నెల్లో ఎన్నున్నాయో చూసి, ఇక అక్కడి నుంచి గిన్నెలే లెక్క. ఆ మొదటి గిన్నె ఎవరు ముంచారన్నదే అసలు కథ. లోతుకు దింపి, నీళ్ళన్నీ కారిపోయేదాకా ఆగి, పైన కుప్పగా తీస్తే 300 వచ్చాయనుకోండి. తర్వాతివి ఆదరాబాదరాగా పైపైన ముంచుతారు, గిన్నెలో సగం నీళ్ళే ఉంటాయి, పిల్లలు 250. అట్లా 400 గిన్నెలు పోస్తే కాయితం మీద 1,20,000, చెరువులో 1,00,000. ఎవరూ అబద్ధం ఆడలేదు, సంతకాలన్నీ సక్రమమే.

దీనికి వీడియో ఏం చేస్తుంది? గిన్నె ముంచడం చూపిస్తుంది, అంతే. కావలసింది వేరే. పోసేటప్పుడు మధ్యలో ఎప్పుడైనా సంఘం మనిషి "ఆగు, ఈ గిన్నె నాది" అని పక్కకు తీసుకోవాలి. తెల్లటి వెడల్పు టబ్బులో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, అందులో పిల్లల్ని వదిలి, నిట్టనిలువుగా పైనుంచి ఫోన్‌తో ఫొటో తీయాలి. ఫొటోలో పిల్లల్ని లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. టబ్బులో ఎక్కువ వేస్తే ఒకదాని మీద ఒకటి పడి లెక్క తప్పుతుంది, అందుకని కొద్దికొద్దిగా వేయాలి. లారీకి నాలుగు గిన్నెలు ఇట్లా చూస్తే చాలు.

ఇంకొకటి. చచ్చిన పిల్ల కూడా ఫొటోలో పిల్లే. చాలా లోడ్లు కైకలూరు దిక్కు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వస్తాయి. ఆక్సిజన్ కవర్లను విప్పకుండా ఒక పావుగంట, ఇరవై నిమిషాలు చెరువు నీళ్ళ మీద తేలనిచ్చి, లోపలి నీళ్ళు బయటి నీళ్ళు ఒక వేడికి వచ్చాక వదలాలి. లారీ వానికి ఇంకో ఊరు ఉంటుంది, కోసి కుమ్మరించి పోతాడు. ఆ దెబ్బకు పోయినవి రెండో రోజు గానీ తేలవు, అప్పటికి సంతకం అయిపోయి ఉంటుంది. ఒక చిన్న హాపా, అంటే దోమతెర లాంటి వల సంచి, చెరువులోనే కట్టి అందులో 200 పిల్లలు వేసి మరునాడు ఎన్ని బతికాయో చూడండి. యాప్‌లో ఎక్కించాల్సిన మొదటి అంకె అదీ.

మేఘాల పైన
హనుమకొండ వాణ్ని, హైదరాబాద్‌లో శాటిలైట్ డేటా మీద పని చేస్తున్న. జాలి గిన్నె అన్న చెప్పింది బంగారం. నాది ఇంకో కోణం.

చెరువుకు ఎన్ని పిల్లలు పోయాలనేది నీళ్ళు ఎంత విస్తీర్ణంలో ఉన్నాయన్న దాన్ని బట్టి ఉండాలి గదా. రికార్డుల్లో ఉండేది చెరువు పూర్తిగా నిండినప్పటి విస్తీర్ణం. పిల్లలు వచ్చేనాటికి చెరువు సగం కూడా నిండకపోవచ్చు. సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలు ఫ్రీగా దొరుకుతయి, 10 మీటర్లకు ఒక చుక్క, కొన్ని రోజులకోసారి మళ్ళీ మన మీదికి వస్తయి. వానాకాలంలో మబ్బులుంటే మామూలు చిత్రం పనికిరాదు, సెంటినెల్-1 రాడార్‌కు మబ్బు అడ్డం కాదు. లారీ ఎక్కించే ముందటి వారం ఏ చెరువులో ఎంత నీళ్ళున్నయో ఉమ్మడి వరంగల్ మొత్తానికి ఇంట్ల కూసుండి తీయొచ్చు. బాలానగర్‌ల ఇస్రో వాళ్ళ ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది, వాళ్ళ భువన్ మ్యాపుల వెబ్‌సైట్ 2009 నుంచి నడుస్తున్నది.

నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్త. సముద్రంలో చేప ఎటు దిక్కు దొరికే అవకాశం ఉందో నీళ్ళ వేడి, పచ్చదనం చూసి జాలర్లకు చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాద్ ప్రగతినగర్‌లనే ఉంది. సముద్రమే లేని రాష్ట్రంల కూసోని బంగాళాఖాతం లెక్క చెప్తున్నం. పాకాల లెక్క, రామప్ప లెక్క అడిగితే నోరు తెరుస్తం.

నా మాటయితే డేటా అంతా అందరికీ కనబడేటట్టు పెట్టాలి. దాచిపెట్టిన లెక్క ఎవ్వనికి పనికిరాదు.

విసురు వల
సారూ, మీ ఉపగ్రహానికి మా చెరువు సగం ఎండినట్టే కనబడతది. ఎందుకంటే సగం గుర్రపుడెక్కనే. ఆకు కింద నీళ్ళున్నయి, నీళ్ళల్ల కొర్రమీనుంది.

మేఘాల పైన
అది నిజం, ఒప్పుకోవాలి. ఆకు పరుచుకున్న చోట నేల అనుకుంటది. ఆ చెరువులకు మనిషి పోయి చూడాల్సిందే. కాని ఏ చెరువు ఎంత ఆకుతో నిండిపోయిందో కూడా ఏటేటా అదే చూపెడతది. తీయించమని అడిగెటప్పుడు పనికొస్తది.

తూము కాడ
నేను చేపలోన్ని కాదు, ఆయకట్టు రైతును. మిషన్ కాకతీయల మట్టి తీసినంక నీళ్ళు ఎక్కువ రోజులుంటున్నయి, మంచిదే. కాని ఆక్సిజన్ తగ్గిందని సెన్సర్ కూసినప్పుడల్ల "తూము మూయుండ్రి" అని మా మీదికి వస్తే పంచాయితి పంచాయితే. యాసంగి వరి పొట్టకొచ్చినప్పుడు నీళ్ళాపుతే ఎవ్వడూ ఊకోడు. నీళ్ళెంతున్నయనే లెక్క చేపలోళ్ళ ఫోన్‌లనే ఉంటే కాదు, మాకూ కనబడాలె.

జాలి గిన్నె
అన్నా, సెన్సర్‌కు అంత బలం లేదు, భయపడకండి. భీమవరం దిక్కు రొయ్యల చెరువుల్లో అది ఎందుకు పనికొస్తుందంటే పక్కనే ఏరేటర్, అంటే నీళ్ళలో గాలి కలిపే మిషన్, ఉంటుంది, కరెంటు ఉంటుంది, చెరువు నాలుగెకరాలు. రాత్రి నాచు కూడా ఊపిరి తీసుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే చేపకు హాయి, 2కో 3కో పడితే పైకొచ్చి నోరు తెరుస్తుంది. అక్కడ సైరన్ మోగితే మోటరు వేస్తారు. వందల ఎకరాల ఊరచెరువులో సైరన్ మోగితే ఏం చేస్తారు? పైగా నెల తిరక్కుండానే సెన్సర్ మొన మీద నాచు పేరుకుంటుంది, తుడిచే దిక్కులేకపోతే అది చెప్పేదంతా నాచు సంగతే. మానేరు డ్యాంలోలాగా పంజరాల్లో పెంచే చోట పెట్టండి, ఊరచెరువుకు వద్దు. పాకాల ఒడ్డు తమ్ముడూ, ఆ ఫ్రీ సెన్సర్ ఆశకు మాత్రం సంతకం పెట్టకు.

చేపల తట్ట
మొగోళ్ళు గిన్నెలు, ఉపగ్రహాలు అంటున్నరు, అమ్మేటోళ్ళను ఎవ్వరు అడుగరా? నేను వరంగల్‌ల చేపలమ్ముత. ఎండాకాలం నీళ్ళు తగ్గుడుతోనే చుట్టుపక్కల చెరువులన్ని ఒక్కపాలే పడ్తరు. ఆ రోజు రవ్వ అడిగెటోడు ఉండడు, మూడొద్దుల తర్వాత అడిగితే చేప ఉండది, ఐసుల పెట్టి ఆంధ్రది తెస్తం. మృగశిర కార్తె ఒక్కనాడు మాత్రం ఎంత తెచ్చినా చాలదు. ఏ చెరువు ఎప్పుడు పడుతున్నరో పది దినాల ముందు తెలిస్తే ఒకలెనక ఒకలు పట్టొచ్చు, రేటు పడది. నాకు కావల్సిన డేటా గంతే.

ఇంకో మాట. కాంటా ఎవ్వనిది? సేటుది. క్వింటాలుకు ఇంత తరుగని తీస్తడు. సంఘానికి ముందుగాల అప్పిచ్చింది గూడ ఆయెనే, అడుగుదామంటే నోరు లేవది. విసురు వలన్నా, లెక్క బయటపడితే సర్కారు చూస్తదని భయపడుతున్నవు. సేటు దగ్గర నీ చెరువు లెక్క పదేండ్లది ఉంది. వాని బుక్కుల ఉన్నది నీ దగ్గర లేకపోవుడేంది?

వేదిక నిర్వాహకుడు
చర్చ బాగుంది. ఏ వ్యాపారి, ఏ అధికారి పేరూ రాయకండి. ఇద్దరు రాసిన పోస్టులు తీసేశాను.

రిటైర్డు ఫైలు
మత్స్యశాఖలో చేసి దిగిపోయాను. లోపలి మాట ఒకటి. రిజిస్టర్లు లేక కాదు, ఉన్నాయి. చిన్న కుంటలు పంచాయతీ కింద, పెద్ద చెరువులు శాఖ కింద. ఒక్క మనిషి అన్నింటి గట్టెక్కి కాంటా దగ్గర నిలబడడం అయ్యే పని కాదు. అందుకని పోయినేటి అంకెకు కొంచెం కలిపి ఈయేడు అంకె రాస్తారు. అది యాప్‌లో పడితే కంప్యూటర్ అక్షరాల్లో ఉంటుంది, అంతే తేడా.

2024 సెప్టెంబర్‌లో కేంద్రం జాతీయ మత్స్య డిజిటల్ వేదిక మొదలుపెట్టింది. అందులో చేరితే డిజిటల్ గుర్తింపు వస్తుంది, అప్పుకూ బీమాకూ అదే దారి అంటున్నారు. అంటే లెక్కలు ఫోన్‌లోకి ఎక్కేది ఖాయం, ఇవ్వాళ కాకపోతే రేపు. చేపల తట్ట అమ్మ సరిగ్గా పట్టుకుంది. ఎక్కించాలా వద్దా అన్నది కాదు తగాదా, మొదటి అంకె ఎవరి చేతి మీదుగా పుడుతుందన్నది. కాంటా దగ్గర చేప పోసిన మనిషి రాస్తే ఒక లెక్క, ఆఫీసులో నెలాఖరుకు రాస్తే ఇంకో లెక్క.

విసురు వల
సేటు బుక్కు మాట నిజమే. కాని సేటు నన్ను లీజు పెంచుతనని బెదిరియ్యడు గద. నా ముచ్చట అక్కడనే ఉంది. లెక్క రాసుడుకు నేను అడ్డం కాదు. సంఘం ఫోన్‌ల ఉండాలె, సంఘం తీర్మానం చేస్తేనే బయటికి పోవాలె. ఉపగ్రహం సారు అన్నట్టు అందరికి కనబడుడు మాత్రం నేనొప్ప.

మేఘాల పైన
చెరువుకు చెరువు విడివిడిగా వద్దంటే మండలం మొత్తం కలిపి పెట్టొచ్చు. ఏ చెరువుదో తెల్వది, రేటు సంగతి తెలుస్తది. ఒక మండలంల రెండు చెరువులే పెద్దవి ఉంటే మాత్రం కలిపినా దొరికిపోతయి, అప్పుడు డివిజన్ దాక పోవాలి.

పాకాల ఒడ్డు
అందరికి థ్యాంక్స్. సంస్థోళ్ళ దగ్గర మేం పెట్టే షరతులు గివి అనుకుంటున్న. సెన్సర్ వద్దు, దాని పైసలతోని సంఘానికి సొంత ఎలక్ట్రానిక్ కాంటా ఇయ్యాలె. తూకం సేటు మనిషి కాదు, మా మనిషి రాస్తడు. పిల్లలొచ్చినప్పుడు గిన్నె మధ్యల ఆపుడు, హాపా కట్టుడు మేమే చేస్తం. ఎండాకాలం చెరువు పట్టే తారీఖు పది దినాల ముందు అమ్మేటోళ్ళకు పంపుతం. మిగిలిన లెక్క సంఘం తీర్మానం లేకుండ ఎవ్వలికియ్యొద్దని రాసియ్యాలె. తూము కాడన్నా, నీటిమట్టం మాత్రం రైతులకు కనబడేటట్టు అడుగుత, దాంట్ల దాసేది ఏంలేదు.

విసురు వల
కాంటా ఇస్తే నేనూ చెయ్యెత్తుత. ఇయ్యమంటే ఏంజేస్తవు?

పాకాల ఒడ్డు
ఇయ్యకపోతే మనమే కొందాం. ఒక్కనాటి తరుగు పైసలు లెక్కేసి చూడు, కాంటా ఖరీదు దాంట్లనే ఎల్తదేమో.