కలవనిదా, కలచనిదా?

సత్యనారాయణపురం: బాయిలరు దగ్గర పనిచేసిన మా నాన్నగారి మాట ఒకటి నాలుగు రోజులుగా వదలడం లేదు. ‘కలవని నీరు కాగదు’ అనేవారా, ‘కలచని నీరు’ అనేవారా? సన్నని వంపు గొట్టంలో నూనె, నీరు కలిపి పంపితే వేడి బాగా అందుతుందని మా అబ్బాయి చదివి వినిపించినప్పటి నుంచి ఇదే ధ్యాస.

బ్రాడీపేట: ‘చ’ తప్ప మరొకటి పొసగదు. కలవడం నీటి ఇష్టం. కలచడానికి మరొకరు పూనుకోవాలి. ‘మనసును కలచివేసింది’ అని పత్రికలు రోజూ రాస్తాయి. ఆ మనసు దేనితోనూ కలవలేదు కదా!

అరండల్‌పేట: కలచితే వచ్చేది కలక. కృష్ణకు కొత్తనీరు వచ్చినప్పటి ఎరుపు అదే, కండ్లకలకా అదే. మా అమ్మమ్మ ఇందుపగింజ అరగదీసి బిందె లోపల పూసి మరీ ఆ కలకను దించేది. కాచుకునే నీటిని ఎవరైనా కలచుకుంటారా? నా ఓటు ‘వ’కే.

లబ్బీపేట: వేడి మార్పిడి పరికరాలతోనే నా బతుకు కాబట్టి గొట్టం తరఫున ఒక మాట. సన్న గొట్టంలో నీరు పొరలు పొరలుగా జారుతుంది. గోడనంటిన పొర కాగుతుంది, నడిమి నీటికి ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. గొట్టం వంచితే నడుమ వడిగా పోయే నీరు వంపు వెలుపలికి తోసుకుపోయి, గోడల వెంట లోపలికి మళ్ళుతుంది. అవే ఎదురెదురుగా తిరిగే జంట సుళ్ళు. 1927లో లెక్కకట్టి చూపిన గణితవేత్త డీన్ పేరే వాటికి. ఇక నూనె తునక, నీటి తునక ఒకదాని వెంట ఒకటి వస్తే, గోడ వెనక్కి పట్టుకుంటుంది, నడిమి భాగం ముందుకు ఉరుకుతుంది. ప్రతి తునకా లోపల కవ్వం పడినట్టు తిరుగుతుంది. రెండూ కలవవు, కానీ కలచబడతాయి. పంపు మీద భారం పెరుగుతుంది, అది వేరే సంగతి. నూనె మోసే వేడి కూడా అదే బరువు నీటితో పోలిస్తే సుమారు సగమే.

బ్రాడీపేట: చూశారా, ‘చ’! తిక్కన మాట ఎంపిక కూడా మా ఊరి నీటి చలవే. ఆయన తాత మంత్రి భాస్కరుడు గుంటూరు విభుడు.

లబ్బీపేట: తాతది గుంటూరే, మనుమడు భారతం చెప్పింది మాత్రం నెల్లూరులో.

అరండల్‌పేట: నేనూ గుంటూరు నీళ్ళే తాగాను. నాకు ‘వ’ వినిపిస్తోందే!

సత్యనారాయణపురం: అమ్మను అడిగాను. మొదటి మాట ఆమెకూ గుర్తు లేదట. చివర మాత్రం ‘కాగదు’ కాదు, ‘ఆగదు’ అంటోంది.

బ్రాడీపేట: అయితే సంధి చూడాలి. ‘నీరాగదు’ అనేవారా, విడగొట్టి అనేవారా? అమ్మగారిని మళ్ళీ అడగండి.