సైన్స్ సెంటర్ ఇల్లు మారుతోంది, ప్యాకర్స్ చేతిలో పెట్టకూడనివి ఏవి?

గోదావరి గట్టు:
అందరికీ నమస్కారం. రాజమండ్రిలో ఒక చిన్న కమ్యూనిటీ సైన్స్ సెంటర్లో పనిచేస్తున్నాను. అద్దె భవనం ఖాళీ చేస్తున్నాం. ఒక పాత స్కూల్లో కింద రెండు గదులు, పైన మేడ ఇస్తున్నారు. దూరం పెద్దగా లేదు, ఊళ్లోనే. సామాను ఇదీ: 40 దాకా ఫిజిక్స్ నమూనాలు, 8 అంగుళాల న్యూటోనియన్ (అద్దాలతో పనిచేసే) టెలిస్కోపు, మైక్రోస్కోపులు, వాన్ డి గ్రాఫ్ జనరేటరు (బెల్టు తిప్పి లోహపు గోళంలో స్థిర విద్యుత్తు పోగుచేసే యంత్రం), రసాయనాల బీరువా, ఫార్మలిన్ (చచ్చిన జీవులు చెడిపోకుండా ఉంచే ద్రవం) సీసాల్లో పాములూ తేళ్లూ, మేడ మీద నీడ గడియారం. ప్యాకర్స్ వాళ్లు వచ్చి చూసి, "మాకొదిలేయండి మేడం, సాయంత్రానికల్లా సర్దేస్తాం" అన్నారు. భయం పట్టుకున్నది అప్పుడే. దేన్ని వాళ్లకివ్వాలి, దేన్ని మేమే మోసుకోవాలి?

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు:
అమ్మా, బల్లలు, బీరువాలు, పుస్తకాలు వాళ్లకివ్వండి. రసాయనాల బీరువా తాళం మాత్రం ఇవ్వకండి. ఆ పని విడిగా ఇంకో రోజు పెట్టుకోండి.

ముందు ఏరివేత. చీటీ ఊడిపోయిన సీసా ఏదైనా ఉంటే వాసన చూసి పోల్చుకునే ప్రయత్నం చేయొద్దు, పక్కన పెట్టండి. పిక్రిక్ ఆమ్లం సీసా ఉండి, అది ఎండిపోయి మూత చుట్టూ పసుపు పలుకులు కనిపిస్తుంటే దాన్ని కదపకండి, మూత తిప్పకండి. ఎండిన పిక్రిక్ ఆమ్లం రాపిడికే పేలుతుంది. గదికి తాళం వేసి అగ్నిమాపక శాఖకి కబురు చేయండి. ఏళ్ల తరబడి మూలనున్న ఈథర్ సీసాలదీ అదే సంగతి, వాటిలో పేలే గుణమున్న పెరాక్సైడ్లు పేరుకుంటాయి.

మిగిలినవాటిని అక్షర క్రమంలో సర్దే అలవాటు చాలాచోట్ల చూశాను. బీరువాలో చూడ్డానికి బాగుంటుంది గానీ పెట్టెలో ప్రమాదం. పొటాషియం పర్మాంగనేట్, గ్లిజరిన్ కలిస్తే మంట వస్తుందని పిల్లలకి చేసి చూపించేది మీరేగా, ఆ రెండూ ఒకే పెట్టెలో ఉండకూడదు. నత్రికామ్లం పక్కన స్పిరిట్ వద్దు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పక్కన ఫార్మలిన్ వద్దు. సోడియం కిరసనాయిల్లో పూర్తిగా మునిగి ఉందో లేదో చూసుకోండి. ఆమ్లాల సీసాలు ప్లాస్టిక్ టబ్బుల్లో నిలబెట్టి, మధ్యలో ఇసుక పోయండి. రంపపు పొట్టు మాత్రం వద్దు, గాఢ నత్రికామ్లం ఒలికితే అదే అంటుకుంటుంది.

ఇక పాదరసం. దాని సాంద్రత 13.6. అర లీటరు సీసా దాదాపు 7 కిలోలు తూగుతుంది. మెడ పట్టుకుని ఎత్తితే అడుగు ఊడి నేలపాలవుతుంది, రెండో చెయ్యి కింద ఉండాలి. థర్మామీటరు పగిలితే చీపురుతో ఊడవొద్దు, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. కిటికీలు తెరిచి, పూసల్ని గట్టి కాగితంతో ఒక చోటికి తోసి, డ్రాపర్‌తో పీల్చి మూతున్న సీసాలో వేయండి. నన్నడిగితే పాదరసం థర్మామీటర్లు కొత్త భవనానికి తీసుకెళ్లనే వద్దు, పిల్లలకి స్పిరిట్‌వి చాలు. వదిలించుకోవాల్సినవి సింకులో పోయకుండా, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయాన్ని అడిగి, వాళ్లు చెప్పిన చోటికి పంపండి.

గోదావరి గట్టు:
మాస్టారూ, చాలా థాంక్స్. పిక్రిక్ ఆమ్లం లేదు, చూశాను. ఫార్మలిన్ సీసాల్లో ఒక నాగుపాము ఉంది. దానికి అనుమతి కాగితాలేవీ కనిపించలేదు.

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు:
సీసాల మూతల చుట్టూ మైనం పోసి టేపు చుట్టండి, నిలువుగానే ఉంచండి, మనుషులు కూర్చున్న కారులో పెట్టకండి. నాగుపాము 1972 నాటి వన్యప్రాణుల సంరక్షణ చట్టం కిందికొస్తుంది. చచ్చిందే కదా అనుకోవద్దు. కదిపే ముందే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో లిఖితపూర్వకంగా చెప్పి, వాళ్లేమంటారో చూడండి.

నట్టూ బోల్టూ:
నమూనాల సంగతి నేను చెప్తా. విప్పే ముందు నాలుగు వైపులా ఫొటోలు. విప్పిన నట్లు, స్ప్రింగులు కవర్లో వేసి ఆ నమూనాకే కట్టండి. "నట్లన్నీ ఒక డబ్బాలో" అన్నారంటే మీ సెంటర్ మూడు నెలలు తెరుచుకోదు.

వాన్ డి గ్రాఫ్ గోళాన్ని విడిగా దుప్పట్లో చుట్టండి. దానిమీద చిన్న సొట్టయినా, గీతయినా మొనలా పనిచేసి విద్యుదావేశాన్ని గాల్లోకి వదిలేస్తుంది. రబ్బరు బెల్టు వదులు చేయండి. కొత్త చోట వానాకాలంలో పనిచేయకపోతే రవాణాలో పాడైందని కంగారుపడొద్దు. తేమగాలికి అది ఎక్కడైనా మొరాయిస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌తో బెల్టు ఆరబెట్టి చూడండి.

అంతకంటే ముఖ్యం ఎర్తింగ్. పాత స్కూలు గదుల్లో మూడు రంధ్రాల ప్లగ్గులు కనిపిస్తాయి, మూడోదానికి వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాకే ఒప్పుకోండి. చెదలు కూడా చూసుకోండి. ఇంకో మాట, కింది గదులంటున్నారు కాబట్టి 1986 ఆగస్టు గోదావరి వరదలో ఆ వీధిలోకి నీళ్లు ఎంతదాకా వచ్చాయో అక్కడి పెద్దవాళ్లని అడగండి. గవర్నమెంటు కాగితం కంటే అది నమ్మకం.

చుక్కల చావిడి:
టెలిస్కోపు గొట్టం బొంత మీద పడుకోబెట్టి కారు వెనక సీట్లో తీసుకెళ్లండి. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం), ఫైండర్ (గురి చూసుకునే చిన్న దుర్భిణి) తీసేయండి. అద్దం మీద దుమ్ముందని తుడవకండి, గీతలు పడితే ఇక పోవు. ఎంత జాగ్రత్తగా తెచ్చినా అద్దాలు కొద్దిగా జరుగుతాయి. రాత్రి ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని మధ్యలో పెట్టి ఫోకస్ కాస్త తప్పించండి. వలయాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉంటే సరే, ఒక పక్కకి ఒరిగితే మరలు సవరించాలి. మీ ఊరి అక్షాంశం 17 డిగ్రీలు, ధ్రువ నక్షత్రమూ అంతే ఎత్తులో ఉంటుంది. మేడకి ఉత్తరాన అపార్ట్‌మెంట్ ఉంటే అది కనపడదు. ఇప్పుడే వెళ్లి చూసిరండి.

నీడ గడియారం విషయంలో చాలామంది దిక్సూచి పెట్టి బిగించేస్తారు. స్లాబులోని ఇనుప ఊచలకి దిక్సూచి ముల్లు తప్పుతుంది. పాత శంకు పద్ధతి వాడండి. తూకంగుండుతో ఒక కడ్డీని నిట్టనిలువుగా నిలబెట్టి, దాని చుట్టూ వృత్తం గీయండి. పొద్దున నీడ కొన వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం దాటాక మళ్లీ తాకిన చోట ఇంకో గుర్తు. ఆ రెండూ కలిపితే తూర్పు పడమరలు, దానికి లంబం ఉత్తర దక్షిణాలు. మిట్టమధ్యాహ్నపు నీడే ఉత్తరం అనుకుంటే వేసవిలో దెబ్బతింటారు. దాదాపు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మీ ఊళ్లో మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది.

పక్కన ఒక బోర్డు కూడా పెట్టండి. మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, రాజమండ్రి దానికి పడమరగా ఉంది కాబట్టి సుమారు 3 నిమిషాల తేడా ఎప్పుడూ ఉంటుంది. దీనికి ఋతువుల తేడా కలిపితే ఫిబ్రవరి మధ్యలో మీ నీడ గడియారం చేతి గడియారం కంటే 17 నిమిషాలు వెనక, నవంబరు మొదట్లో 13 నిమిషాలు ముందు చూపిస్తుంది. బోర్డు లేకపోతే "మారుస్తూ పాడుచేశారు" అని మాట పడతారు.

గోదావరి గట్టు:
చివరి సందేహం. మా దగ్గరికొచ్చే హైస్కూలు పిల్లలు సాయం చేస్తామంటున్నారు. కమిటీ వద్దంటోంది.

నట్టూ బోల్టూ:
రానివ్వండి మేడం. ఫొటోలు తీయడం, చీటీలు రాయడం, కొత్త చోట మళ్లీ బిగించడం వాళ్లకంటే బాగా ఎవరూ చేయరు. మాస్టారు చెప్పిన రసాయనాల రోజు మాత్రం సెలవని చెప్పేయండి. సొసైటీ రిజిస్ట్రేషన్, కరెంటు కనెక్షన్, బ్యాంకు, వీటిలో చిరునామా మార్పించే పని ఆ కమిటీవాళ్లకి అప్పజెప్పండి.