రెండు పేటల చర్చిలు కలిసి ఈస్టర్ ఆరాధన చెయ్యాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

లంక అబ్బాయి:
అందరికీ వందనాలు. మాది నరసాపురం దగ్గర ఊరు. మాల పేటకి ఒక చర్చి, మాదిగ పేటకి ఒక చర్చి, మధ్యలో పంట బోదె. పాడేది అవే కీర్తనలు, చదివేది అదే బైబిలు, కానీ సమాధుల తోట దారి గురించి గొడవ అయ్యాక ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లడం కూడా మానేశారు. ఈసారి ఈస్టర్ వేకువ ఆరాధన కలిపి పెడదామని రెండు వైపుల యూత్ అనుకుంటున్నాం. పెద్దలేమో ప్రసంగం ఎవరి పాస్టరుగారిది, మైకు సెట్టు ఎవరిది అన్న దగ్గరే ఆగిపోయారు. కలిసి పాడితే మనసులు కలుస్తాయా, ముందు గొడవ తేల్చుకోవాలా?

పాలకొల్లు అక్క:
తమ్ముడూ, మత్తయి 5:23-24 చదువు. నీ మీద సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సమాధానపడి, తర్వాత వచ్చి అర్పించమన్నాడు ప్రభువు. అంటే మీ పని ఈస్టర్ పొద్దున కాదు, ఆ దారి దగ్గర మొదలవుతుంది. పెద్దలతో పాటు రెండు చర్చిల స్త్రీల సమాజం వాళ్లనీ కూర్చోబెట్టండి, ఆ గొడవలో మాటలు పడినవాళ్లని ముందు మాట్లాడనివ్వండి, మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు. మైకు సంగతి తర్వాత చూడొచ్చు.

కాకినాడ సభ్యుడు:
అక్క చెప్పింది నిజమే, కానీ ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం కలిసి పుచ్చుకోవడం, మాత్రం మర్చిపోవద్దు. దక్షిణాఫ్రికాలో 1857లో డచ్ రిఫార్మ్డ్ చర్చి సినడ్ (చర్చి పెద్దల సభ), అందరూ కలిసి ఆరాధించడమే సరైనదని ఒప్పుకుంటూనే, కొందరు తెల్లవాళ్ల బలహీనత వల్ల తెల్లవాళ్లు కానివాళ్లకి వేరే ఆరాధన పెట్టుకోవచ్చంది. చూశారా, సర్దుబాటు అనుకున్నారు. 1881కి వాళ్లకి వేరే సంఘమే ఏర్పడింది, తర్వాత వర్ణవివక్షకి అదే దారి చూపించింది. ఆ వేరు చేసిన సంఘమే 1982లో బెల్‌హార్ విశ్వాస ప్రకటన రాసి 1986లో ఆమోదించింది. అందులో ఐక్యత, సమాధానం, న్యాయం మూడూ కలిపే చెప్పారు. న్యాయం వదిలేసి చేతులు కలపమంటే నష్టపోయినవాడు ఇంకోసారి నష్టపోతాడు. మన చర్చిల్లో రెండు పేటలూ ఎందుకు ఒక బల్ల దగ్గర కూర్చోవడం లేదో మనం నిజాయితీగా అడగాలి.

అమలాపురం సభ్యుడు:
అన్నా, వెంటనే బల్ల అంటే కష్టం. ఒకటి లూథరన్ శాఖది, ఇంకోటి బ్రదరెన్ శాఖది అయితే? 1836లో వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీలతో ఇక్కడ మొదలైన బ్రదరెన్ సంఘాల్లో, సహవాసంలో (తమ సంఘ సభ్యత్వంలో) లేనివాళ్లకి బల్ల రొట్టె ఇవ్వడంలో చాలాచోట్ల జాగ్రత్తగా ఉంటారు. అది కులం వల్లేనని తొందరపడి అనుకోకండి, అలాగని కులాన్ని దాని వెనక దాచనివ్వకండి. నేనైతే చావు దగ్గర మొదలుపెడతాను. ఏ పేటలో ఎవరు పోయినా రెండో పేట కుర్రాళ్లు పెట్టె మొయ్యాలి, ఆ దారిలోనే తీసుకెళ్లాలి.

లంక అబ్బాయి:
మా వాటిలో ఒకటి లూథరనే, రెండోది బాప్టిస్టు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక దారి విషయం మాట్లాడటానికి రెండు స్త్రీల సమాజాల పెద్దమ్మల్ని మేమే వెళ్లి పిలుస్తాం. బల్ల గురించి ఇద్దరు పాస్టరుగార్లనీ విడివిడిగా కాకుండా ఒకేసారి అడుగుతాం.